సీజెడ్ 527, .22 హార్నెట్: నక్కల నియంత్రణలో ఒక చిన్న రైఫిల్ పనితీరు

ఇంగ్లండ్ దక్షిణ ప్రాంతపు సాగుభూముల్లో ఫెజంట్, పార్ట్రిడ్జ్ పక్షులను సంరక్షించే గేమ్‌కీపర్‌కు నక్కల కోసం ఎలాంటి రైఫిల్ కావాలన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకొనే సమాధానం లేదు. ఎక్కువమంది .223 రెమింగ్టన్ వైపు, జింకలను కూడా అదే తుపాకితో కాల్చవలసినవారు .243 విన్‌చెస్టర్ వైపు మొగ్గుతారు. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది వాటికంటే చిన్నదైన .22 హార్నెట్ తూటాను కాల్చే, చెక్ దేశపు సీజెడ్ కంపెనీ తయారుచేసిన సీజెడ్ 527 రైఫిల్‌ను. హాంప్‌షైర్‌లో ఒక కీపర్‌కు సహాయకుడిగా బీట్ మీద, అంటే ఆ కీపర్ చూసుకునే నేల మీద, పనిచేస్తూ, పక్షులు గూళ్లు కట్టే కాలంలోనూ, కోతలయ్యాక ఖాళీ అయిన పొలాల్లోనూ దీన్ని వాడుతూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. 150 గజాల లోపు దూరంలో, ఇళ్లకూ పశువుల కొట్టాలకూ దగ్గరగా, రాత్రిపూట కాల్చవలసి వచ్చే నేల మీద దీనికంటే పొందికైన రైఫిల్‌ను నేను చేతబట్టలేదు. అదే రైఫిల్‌ను విశాలమైన కొండవాలు మీదికి, 200 గజాల దూరాలకు తీసుకుపోతే మాత్రం అది నక్కకు అన్యాయం చేస్తుంది.

గేమ్‌కీపర్ వృత్తి మన ప్రాంతంలో లేదు కాబట్టి దాని గురించి కొంత చెప్పాలి. ఎస్టేటు యజమాని గానీ, వేట హక్కులను కౌలుకు తీసుకున్న బృందం గానీ జీతమిచ్చి పెట్టుకునే ఈ మనిషికి వేట పక్షులను పెంచి విడవడం, వాటికి మేతా దాపూ సమకూర్చడం ఎంత ముఖ్యమో, నేల మీద గూడు కట్టే పక్షులను మాంసాహార జంతువుల నుంచి కాపాడడం కూడా అంతే ముఖ్యం. మే, జూన్ నెలల్లో గ్రే పార్ట్రిడ్జ్ పెట్ట గట్టు వార గడ్డిలో పొదుగుతూ కూర్చున్నప్పుడు నక్క వస్తే గుడ్లతోపాటు తల్లి కూడా పోతుంది. మన కౌజుపిట్ట కుటుంబానికే చెందిన ఈ పక్షి సంఖ్య బ్రిటన్‌లో గత అర్ధ శతాబ్దిలో 90 శాతానికి పైగా పడిపోయింది. కలుపుమందుల వల్ల పిల్లలు తినే పురుగులు కరువవడం, పొలాల మధ్య గట్లూ కంచెపొదలూ మాయమవడం, గూళ్ల మీద పడే జంతువులను అదుపు చేసేవారు తగ్గడం, ఈ మూడూ కలిసి దాన్ని ఈ స్థితికి తెచ్చాయని 1968 నుంచి ససెక్స్‌లో సాగుతున్న అధ్యయనం చెబుతోంది.

నక్కలను తగ్గిస్తే పక్షులు నిజంగా పెరుగుతాయా అని సందేహించడం సమంజసమే. ఆ సందేహాన్ని తీర్చడానికి 1985 నుంచి 1990 వరకు సాలిస్‌బరీ ప్లెయిన్‌లో ఒక ప్రయోగం జరిగింది. రెండు ప్రాంతాలను తీసుకుని, మూడేళ్లు ఒకచోట నక్కలు, కాకులు వంటివాటిని నియంత్రించి, రెండోచోట వదిలేసి, తరువాతి మూడేళ్లు ఆ రెండింటినీ తారుమారు చేశారు. నియంత్రణ జరిగినచోట మూడేళ్లకు ఆగస్టు నాటి పార్ట్రిడ్జ్‌ల సంఖ్య మూడున్నర రెట్లయింది. ఆ తరువాత 2000 నుంచి 2008 వరకు నార్తంబర్లాండ్‌లోని ఒటర్‌బర్న్ దగ్గర జరిగిన ప్రయోగంలో కర్లూ, మన తీతువుకు దగ్గరి చుట్టమైన లాప్‌వింగ్, గోల్డెన్ ప్లవర్ వంటి పక్షులు పిల్లలను పెంచుకోగలిగిన తీరు సగటున మూడు రెట్లు మెరుగైంది. కర్లూ 2015 నుంచి బ్రిటన్‌లో ఎర్ర జాబితాలో ఉన్న పక్షి. అందువల్ల నక్కల రైఫిల్‌ను నేను లక్ష్యపు కాగితం మీద పడే గుండ్ల సమూహంతో కొలవను. గూళ్ల కాలంలో, కావలసిన పొలంలో, కావలసిన రాత్రి, ఒకే తూటాతో నక్కను బాధ లేకుండా పడగొట్టగలదా లేదా అన్నదే నా కొలమానం.

ఆ పని ఇప్పుడు ఎక్కువగా రైఫిల్ మీదే పడింది. కుక్కలతో నక్కను వేటాడడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి హంటింగ్ చట్టం నిషేధించింది. విషం పెట్టడం నేరం. ఉచ్చుల వాడకాన్ని వేల్స్ 2023 అక్టోబరులోనూ, స్కాట్లండ్ 2024 నవంబరులోనూ ఆపేశాయి. ఉచ్చు కీపర్ నిద్రపోతున్నప్పుడు కూడా పనిచేసేది. రైఫిల్‌కు మాత్రం మనిషి మేలుకుని ఉండాలి, పొలంలో ఉండాలి, నిర్ణయం తీసుకోవాలి. కాబట్టి అర్ధరాత్రి చలిలో భుజాన మోయడానికి బరువు కాకుండా, వాహనం కిటికీ పక్కన ఇమిడేటట్టు, చుట్టుపక్కల ఊరిని లేపకుండా ఉండే తుపాకికి ఈ వృత్తిలో విలువ పెరిగింది. సీజెడ్ 527 ఉత్పత్తి 2021లో ఆగిపోయి, దాని స్థానంలో సీజెడ్ 600 వచ్చినా, పాత 527 కోసం కీపర్లు ఇంకా వెతుక్కోవడానికి కారణం అదే.

.22 హార్నెట్ తూటా పాతది. 1885 నాటి .22 విన్‌చెస్టర్ సెంటర్‌ఫైర్ అనే నల్లమందు తూటాను ఆధారం చేసుకుని, 1920ల చివర అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారానికి చెందిన కొందరు దీన్ని రూపొందించారు. 1930లో విన్‌చెస్టర్ దీన్ని అమ్మకానికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత, విమానం కూలి అడవిలో చిక్కుకున్న సిబ్బంది ఆహారం సంపాదించుకోవడానికి అమెరికా వైమానిక దళం ఇచ్చిన చిన్న రైఫిళ్లు కూడా ఈ తూటానే కాల్చేవి. కొంచెం మందుతో, కొంచెం చప్పుడుతో, చిన్న జంతువుకు సరిపడా శక్తినివ్వడం దాని స్వభావం. దాదాపు వందేళ్ల తరువాత కూడా కీపర్‌కు కావలసింది అదే.

క్యాలిబర్ల, అంటే తూటా పరిమాణాల, మధ్య తేడా అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. కుందేళ్లకు వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా, శబ్దవేగానికి లోబడి వెళ్లే 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును కొలిచే చిన్న ప్రమాణం) బుల్లెట్‌తో, గొట్టం మూతి దగ్గర ఇంచుమించు 100 అడుగు-పౌండ్ల శక్తినిస్తుంది. అది నక్కకు చాలదు. పెరట్లో అతి దగ్గరి నుంచి చేయితిరిగినవారు వాడితే తప్ప దాన్ని నక్క మీద ఎత్తకూడదని నా అభిప్రాయం. పైగా గట్టి నేలకు తగిలి పక్కకు ఎగిరిపోయే గుణం దానికి చాలా ఎక్కువ. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎమ్‌ఆర్ 17 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 2,550 అడుగుల వేగంతో పంపి 245 అడుగు-పౌండ్ల శక్తినిస్తుంది. కుందేలుకు అది అద్భుతమైన తూటా. నక్క మీద దాన్ని వాడేవారున్నారు కాని, గాలి వీచే రాత్రి, నిలకడగా నిలవని జంతువు మీద ఆ చిన్న బుల్లెట్‌ను నమ్మడానికి నాకు మనసొప్పదు. హార్నెట్‌లో హార్నడీ కంపెనీ 35 గ్రెయిన్ల వి-మ్యాక్స్ బుల్లెట్ 3,100 అడుగుల వేగంతో బయలుదేరి, మూతి దగ్గర 750 అడుగు-పౌండ్లకు కొంచెం తక్కువగా, 100 గజాల దగ్గర 400 దాకా శక్తిని నిలుపుకుంటుంది. ఆరేడు కిలోల నక్కను ఛాతీలో కొడితే అది ఉన్నచోటే కూలడానికి ఆ శక్తి చాలు. ఇక .223 రెమింగ్టన్ 55 గ్రెయిన్ల బుల్లెట్‌తో దాదాపు 1,280 అడుగు-పౌండ్ల శక్తినిస్తుంది, అంటే హార్నెట్‌కు ఒకటిన్నర రెట్లకు పైనే.

ఈ అంకెలు చూసి .223 మేలని తేల్చేవారు బుల్లెట్ దూరం పోయేకొద్దీ ఏమవుతుందో కూడా చూడాలి. హార్నెట్ పొట్టి బుల్లెట్ గాలిలో వేగాన్ని త్వరగా పోగొట్టుకుంటుంది. 200 గజాలు చేరేసరికి దాని శక్తి 200 అడుగు-పౌండ్లకు పడిపోతుంది, అంటే .17 హెచ్‌ఎమ్‌ఆర్ మూతి దగ్గర ఇచ్చే శక్తికంటే కూడా తక్కువ. గంటకు పది మైళ్ల అడ్డగాలి 100 గజాల దగ్గర ఆ బుల్లెట్‌ను మూడంగుళాల లోపే జరుపుతుంది, 200 గజాల దగ్గర జానెడు పైనే జరుపుతుంది. నక్క ఛాతీలో ప్రాణస్థానం నాలుగంగుళాల వెడల్పు మించదు. అందుకే నేను 150 గజాలను హద్దుగా పెట్టుకున్నాను. 100 గజాల దగ్గర ఒక అంగుళం పైకి పడేటట్టు గురి సరిచేసుకుంటే, 150 దగ్గర గుండు గురిపెట్టిన చోటికి ఇంచుమించుగా, కాస్త కిందుగా పడుతుంది. అంటే ఆ హద్దు లోపల ఎక్కడైనా చీకట్లో లెక్కలు వేయకుండా ఛాతీ మధ్యకు గురిపెట్టి కాల్చవచ్చు. ఆ వేగం దూరంతోపాటు ఇంత త్వరగా పడిపోవడాన్ని చాలామంది లోపంగా చెబుతారు. చుట్టూ ఊళ్లున్న దేశంలో నాకు అది ఒక రకంగా రక్షణగా కనిపిస్తుంది. తేలికైన, తాకగానే విచ్చుకునే ఆ బుల్లెట్ మెత్తని దుక్కి నేలలో ముక్కలై ఆగిపోతుంది. అయినా నక్క వెనక మట్టి గట్టో, ఏటవాలు నేలో కనిపించనిదే కాల్చకూడదన్న నియమం ఏ క్యాలిబర్‌కైనా ఒకటే, హార్నెట్‌కు అందులో మినహాయింపు లేదు.

చప్పుడు విషయంలో హార్నెట్ ప్రయోజనం నిర్వివాదం. .223లో పట్టే మందులో దాదాపు సగమే దీనిలో మండుతుంది. గొట్టం చివర చప్పుడు తగ్గించే మోడరేటర్ బిగిస్తే, బుల్లెట్ శబ్దవేగాన్ని మించి పోతున్నందువల్ల వచ్చే చిటపట మిగులుతుంది కాని, తుపాకి పేలిన దిక్కు దూరంలో ఉన్నవారికి స్పష్టంగా తెలియదు. ఫెజంట్ పిల్లలను ఉంచే విడుదల పెన్‌ల చుట్టూ, గొర్రెలు ఈనుతున్న పొలాల పక్కన, వారాంతపు విడిది ఇళ్ల మధ్య ఇది సుఖం కోసం కోరుకునే సౌకర్యం కాదు, అక్కడ కాల్చడానికి వీలవుతుందా లేదా అన్నది తేల్చే అంశం. వెనుదన్ను కూడా అతి తక్కువ. పెద్ద క్యాలిబర్లు పేలగానే స్కోప్‌లో దృశ్యం చెదిరిపోతుంది, నక్క ఎక్కడ పడిందో, ఎటు పరుగెత్తిందో వెతకాలి. హార్నెట్‌లో గుండు తగిలిన క్షణాన్ని స్కోప్‌లోనే చూడవచ్చు. తగిలిందా, ఎక్కడ తగిలింది, రెండో తూటా కావాలా అన్నది వెంటనే తెలియడం జంతువు పట్ల బాధ్యత ఉన్నవారికి చాలా పెద్ద విషయం.

ఇక రైఫిల్ సంగతి. 527ను సీజెడ్ ఈ చిన్న తూటాల కోసమే రూపొందించింది. పెద్ద రైఫిల్‌లో చిన్న తూటాను ఇరికించినట్టు కాకుండా, మౌజర్ పద్ధతి బోల్టును (తూటాను గొట్టంలోకి ఎక్కించి మూసే కడ్డీని) చిన్నదిగా చేసి, పొడవాటి పంజాతో తూటా అంచును మొదటి నుంచీ పట్టుకునేటట్టు చేశారు. బోల్టు ప్రయాణం చాలా పొట్టి. చేతి తొడుగులతో, పడుకుని, చీకట్లో తిప్పినా రెండో తూటా నిక్కచ్చిగా ఎక్కుతుంది. చెక్క స్టాక్‌తో బరువు మూడు కిలోల లోపే కాబట్టి, స్కోప్, మోడరేటర్ తగిలించాక కూడా బీటంతా మోసుకు తిరగవచ్చు. కచ్చితత్వం గురించి నాకు ఫిర్యాదు లేదు. సరైన తూటా దొరికాక, 100 గజాల దగ్గర అది వేసే గుండ్లు నక్క ప్రాణస్థానంలో చిన్న భాగానికే పరిమితమవుతాయి.

కొన్ని విషయాలు మాత్రం కొనేముందే తెలుసుకోవాలి. ఐదు తూటాల మ్యాగజైన్ స్టాక్ అడుగున బాగా బయటికి పొడుచుకు వస్తుంది. సరిగ్గా తూకం కుదిరే చోటే అది ఉండడం వల్ల రైఫిల్‌ను ఒంటి చేత్తో పట్టి నడవడం అసౌకర్యం, సంచి మీద ఆనించి కాల్చేటప్పుడు కూడా దానికి చోటు చూసుకోవాలి. తూటాకు అడుగున అంచు ఉంటుంది కాబట్టి మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది దానికి ముందుండేటట్టు పెట్టాలి, లేకపోతే చిక్కుకుంటుంది. అన్నింటికంటే ముఖ్యమైంది సేఫ్టీ మీట. చాలా రైఫిళ్లలో మీటను ముందుకు తోస్తే కాల్చడానికి సిద్ధమవుతుంది, 527లో ముందుకు తోస్తే భద్రం, వెనక్కి లాగితే సిద్ధం. ఇంట్లో ఇతర రైఫిళ్లు కూడా ఉన్నవారికి ఇది తీవ్రమైన విషయమని నా అభిప్రాయం. ఈ రైఫిల్‌తో మరొకరు బీట్ మీదికి వెళుతుంటే, పగటిపూట ఖాళీ తుపాకితో ఆ కదలికను వేలికి పూర్తిగా అలవాటు చేయించనిదే చీకట్లో చేతికివ్వకూడదు.

ట్రిగ్గర్ ఈ రైఫిల్‌కు ప్రత్యేకత. మామూలుగా లాగితే సాధారణ బరువుతో పనిచేస్తుంది. ముందుకు నెట్టి అమర్చితే మాత్రం వేలు ఆనగానే పేలేంత తేలికవుతుంది. కాగితం మీద కాల్చేటప్పుడు ఈ అమరిక ఆనందాన్నిస్తుంది కాని, చలికి వేళ్లు మొద్దుబారిన రాత్రి, నక్క వస్తుందో పోతుందో తెలియని స్థితిలో నేను దాన్ని వాడను. అమర్చిన తరువాత నక్క పొదల్లోకి తప్పుకుంటే ఆ అమరికను జాగ్రత్తగా తీసేయవలసి వస్తుంది. చీకట్లో చేయవలసిన పనులు ఎంత తక్కువైతే అంత మంచిది. మరొక విషయం స్కోప్ బిగించే ఏర్పాటు. 527 పైభాగంలో సీజెడ్ సొంతమైన 16 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది. దానికి సరిపడే రింగులు వేరుగా కొనాలి, వేడిని పసిగట్టి చూపే ఈనాటి థర్మల్ స్కోప్‌లలో ఎక్కువవాటికి మధ్యలో ఒక పట్టా కూడా కావాలి. అది స్కోప్‌ను కొంత ఎత్తుకు లేపుతుంది కాబట్టి చెంప ఆనే చోటు సరిచూసుకోవాలి.

రాత్రి పనిలో గత పదిహేనేళ్లలో వచ్చిన మార్పు ఈ చిన్న రైఫిల్‌కు బాగా కలిసివచ్చింది. లాంతరు దీపంతో, ఎర్ర అద్దంతో వెతికే రోజుల్లో దీపానికి భయపడడం నేర్చిన నక్క దూరంగానే ఆగిపోయేది, అందుకే దూరం పోయే తూటాలకు గిరాకీ ఉండేది. ఇప్పుడు చేతిలో థర్మల్ పరికరంతో పొలాన్ని గాలించి, గాలి దిక్కు చూసుకుని, కుందేలు ఆర్తనాదాన్ని పోలిన పిలుపు ఇచ్చి ఎదురుచూస్తే నక్క తనంతట తానే 80, 100 గజాల లోపుకు వస్తుంది. ఆ దూరం హార్నెట్ సొంత దూరం. అయితే థర్మల్ తెర మీద వేడి ఆకారం కనిపిస్తుంది కాని, మధ్యలో ఉన్న గడ్డి కాడలూ, కంచె తీగలూ స్పష్టంగా కనిపించకపోవచ్చు. 35 గ్రెయిన్ల బుల్లెట్ ఒక ఎండు కాడకు తగిలినా దారి తప్పుతుంది లేదా అక్కడే పగిలిపోతుంది. అందువల్ల ఎదిగిన గడ్డిలో తల మాత్రమే కనిపించే నక్కను వదిలేసి, అది కోసిన నేల మీదికో, ట్రాక్టర్ చాలులోకో వచ్చేవరకు ఆగాలి. కళ్ల మెరుపును మాత్రమే చూసి కాల్చడం ఎప్పటికీ తప్పే. కుక్క కళ్లూ, గొర్రె కళ్లూ, జింక కళ్లూ అలాగే మెరుస్తాయి. పూర్తి శరీరాన్ని, నడకను చూసి అది నక్కేనని నిశ్చయమైతేనే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి.

బ్రిటన్‌లో నక్కకు కాల్చకూడని కాలమంటూ చట్టం పెట్టలేదు. అయినా కీపర్ మనసు పెట్టి ఆలోచించవలసిన కాలం ఒకటుంది. పిల్లలు మార్చి, ఏప్రిల్‌లలో పుడతాయి, కొన్ని వారాలు బొరియలోనే ఉంటాయి. ఆ సమయంలో తల్లిని కాల్చి బొరియ సంగతి వదిలేస్తే పిల్లలు ఆకలితో చస్తాయి. అందుకని మా కీపర్ ఫిబ్రవరిలోనే, పిల్లలు పుట్టకముందే, పని ముగించాలని చూస్తారు. ఏప్రిల్ తరువాత ఆడనక్క కనబడితే, పాలిస్తున్నదా అని గమనించి, బొరియ ఎక్కడుందో తెలిసిన తరువాతే కాలుస్తారు. ఈ ఓపికకు హార్నెట్ బాగా సరిపోతుంది. దగ్గరికి రానిచ్చి కాల్చే తుపాకి కాబట్టి, కాల్చేముందు జంతువును చూడడానికి సమయమూ దొరుకుతుంది.

తూటాల విషయంలో కొనేవారు ముందే లెక్క చూసుకోవాలి. .223 తూటా ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, హార్నెట్ తూటాను చాలా దుకాణాలు కొద్దికొద్దిగానే తెప్పిస్తాయి. మా ప్రాంతంలోని ఒక దుకాణం గూళ్ల కాలం మధ్యలో తెప్పిస్తామని చెప్పి, వారాల తరబడి తెప్పించలేదు. ఒకసారి ఒక రకం తూటాతో గురి సరిచేశాక అదే రకాన్ని, వీలైతే అదే బ్యాచ్‌ను, పోలీసులు ఇచ్చే తుపాకి సర్టిఫికెట్ అనుమతించే మేరకు తెచ్చి పెట్టుకోవడం మేలు. బుల్లెట్‌ను గిరగిర తిప్పే గొట్టంలోని మెలిక 16 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే తిరుగుతుంది కాబట్టి పొడవాటి, బరువైన బుల్లెట్లు ఇందులో నిలకడగా పోవు. 35 నుంచి 45 గ్రెయిన్ల మధ్యవే దీనికి తగినవి. 45 గ్రెయిన్ల మెత్తని ముక్కు బుల్లెట్ 2,700 అడుగుల లోపు వేగంతో వెళ్లి నక్క శరీరంలో లోతుగా దిగుతుంది. 35 గ్రెయిన్ల వి-మ్యాక్స్ చదునైన దారిలో పోయి లోపలే విచ్చిపోతుంది, భుజం ఎముకకు తగిలితే మాత్రం లోతు తక్కువ కావచ్చు. నేను 35ను ఎంచుకుని, భుజం వెనకకు గురిపెడతాను. సొంతంగా తూటాలు నింపుకొనేవారికి హార్నెట్ గుల్ల మెడ చాలా పలుచనిదని, కొంచెం మొరటుగా నొక్కినా నలిగిపోతుందని చెప్పాలి.

బ్రిటన్‌లో స్థిరపడ్డ మన తెలుగువారిలో పల్లెల్లో ఉంటూ ఇలాంటి పనిలో ఆసక్తి చూపేవారికి చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం ఈ రైఫిల్‌కు స్థానిక పోలీసులు ఇచ్చే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి. ఐదేళ్లు చెల్లే ఆ సర్టిఫికెట్ కోసం సరైన కారణం, కాల్చడానికి అనుమతి ఉన్న భూమి, ఇద్దరు పరిచయస్థుల హామీ, వైద్యుడి నివేదిక, ఇంట్లో ఉక్కు బీరువా చూపాలి. నక్కల కోసం అని సర్టిఫికెట్‌లో నమోదైతేనే నక్కల మీద వాడాలి. నేను తీసుకున్నప్పుడు మోడరేటర్‌ను కూడా అందులో విడిగా రాయించుకోవలసి వచ్చింది. ఇదే రైఫిల్‌తో చిన్న జింకలను కూడా కాల్చవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో మంట్‌జాక్, చైనీస్ వాటర్ డియర్ అనే చిన్న జింకలకు కూడా కనీసం 50 గ్రెయిన్ల బుల్లెట్, 1,000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలని చట్టం నిర్దేశిస్తుంది, హార్నెట్ ఆ రెండింటినీ అందుకోదు. ఈ సమీక్ష అంతా బ్రిటన్‌కు సంబంధించిందని కూడా స్పష్టం చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నక్కను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతుంది. అక్కడి నక్కలను, వాటి నేలను, వాటి పరిస్థితిని ఇక్కడి వాటితో పోల్చడానికి వీల్లేదు.

ఎవరు కొనాలి అంటే, ఒకే రైఫిల్‌తో నక్కలూ జింకలూ రెండూ చూసుకోవలసినవారు దీన్ని వదిలి .243కు వెళ్లాలి. నార్తంబర్లాండ్, స్కాట్లండ్ కొండల్లో దూరపు వాలు మీద కాల్చే కీపర్లకు .223 గానీ .22-250 గానీ అవసరం. 2012లో హార్నడీ ప్రామాణికం చేసిన .17 హార్నెట్‌ను 527లోనే కాల్చి చూశాను. 20 గ్రెయిన్ల బుల్లెట్ 3,650 అడుగుల వేగంతో చాలా చదునుగా పోతుంది, గాలి లేని రాత్రి ఆకట్టుకుంటుంది. అయితే నక్క వంటి జంతువుకు నాకు .22 హార్నెట్ బుల్లెట్ బరువే ఎక్కువ నమ్మకమనిపించింది. చదునైన సాగుభూమి, చిన్న పొలాలు, దగ్గరి ఇళ్లు, గొర్రెలు, పెన్‌లు ఉన్న బీట్ మీద పనిచేసే కీపర్‌కు మాత్రం .22 హార్నెట్ 527ను ధైర్యంగా సిఫార్సు చేస్తాను.

ఉత్పత్తి ఆగిపోయింది కాబట్టి దొరికేవి పాతవే. కొనేముందు మోడరేటర్ కోసం గొట్టం మూతికి మరలు తీసినచోట అంచు చెడకుండా ఉందా అని, ఆ పని తరువాత ప్రూఫ్ హౌస్ (తుపాకుల భద్రతను పరీక్షించే సంస్థ) ముద్ర పడిందా అని చూడండి. మోడరేటర్‌ను తీయకుండా బీరువాలో పెట్టిన రైఫిళ్లలో మూతి లోపల తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి దీపం వేసి అక్కడ ప్రత్యేకంగా చూడాలి. అమ్మేవారి దగ్గర రెండో మ్యాగజైన్ ఉంటే దాన్ని కూడా అడిగి తీసుకోండి. 527 మ్యాగజైన్లు ఇకముందు తేలిగ్గా దొరకవు, అది పోగొట్టుకుంటే ఈ రైఫిల్ ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చుకోవలసిన తుపాకి అవుతుంది.